కెమెరా క్లిక్కుమనకపోతే ముందు ఫోకస్ చూడండి

సంపాదకులకు నమస్కారం.

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజున విజయనగరం మూడు లాంతర్ల దగ్గర వేల కెమెరాలు పైకి లేస్తాయి. "షట్టర్ పడటం లేదు" అన్న మాటా అక్కడే వినిపిస్తుంది. కొసన పూజారి కూర్చునే పొడవాటి సిరిమాను తిరిగేది మూడుసార్లే. ఆ కంగారులో కెమెరా పోయిందనుకుని సంచిలో పెట్టేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. చాలాసార్లు అందులో పాడైందేమీ ఉండదు.

మాను కొసన కూర్చున్న పూజారిని కిందినుంచి తీసేటప్పుడు ఫోకస్ గడి (తెరలో కనిపించే చిన్న చతురస్రం) ఆయన్ను తప్పి ఆకాశం మీద పడుతుంది. ఉత్త ఆకాశంలో లెన్సుకు పట్టు దొరికే అంచు ఉండదు. అది ముందుకూ వెనక్కూ తిరుగుతూనే ఉంటుంది. కదలని వస్తువుల కోసం ఉండే ఫోకస్ పద్ధతిలో (కానన్‌లో వన్ షాట్, నికాన్‌లో ఏఎఫ్-ఎస్) మామూలుగా ఫోకస్ కుదిరేదాకా షట్టర్ పడదు. మధ్య గడి ఒక్కటే ఎంచుకుని, పూజారి బట్టల అంచు మీద పెట్టి బటన్ సగం నొక్కండి. అప్పటికీ కుదరకపోతే లెన్సు మీది స్విచ్‌ను ఎంఎఫ్‌కు (చేత్తో ఫోకస్ చేసే పద్ధతికి) జరిపి పూర్తిగా నొక్కండి. పడిందంటే చిక్కు ఫోకస్‌దే. పెళ్లిలో మంగళసూత్రాన్ని మరీ దగ్గరగా తీయబోతే ఆగిపోయేదీ ఇందుకే: కానన్ ఈఎఫ్ 50 ఎంఎం ఎస్‌టీఎం లెన్సు, సెన్సర్ నుంచి కొలిస్తే, 35 సెంటీమీటర్ల లోపు వస్తువును పట్టలేదు.

ఎంఎఫ్‌లోనూ పడకపోతే ఎస్‌డీ కార్డు తీసి పక్కనున్న లాకు జారిందేమో చూడాలి. బ్యాటరీ, సెల్ఫ్ టైమర్ కూడా ఒకసారి చూసుకోవాలి.

మన బారువ, కళింగపట్నం, చింతపల్లి తీరాల్లో తిరిగే కెమెరాలకు ఉప్పుగాలి బెడద వేరే ఉంది. లెన్సు వెనక బంగారు రంగు చుక్కల మీద మసక పొర పడితే లెన్సుకూ బాడీకీ మాట అందదు. కానన్‌లో ఎర్రర్ 01 వస్తుంది. కెమెరా ఆపి, బ్యాటరీ తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక్క చుక్క తగిలించిన కళ్లద్దాల గుడ్డతో తుడవండి. గరుకు కాగితం వాడితే పైపూత లేచిపోతుంది. పాత నికాన్ డి రకం లెన్సులకు ఎఫ్ఈఈ అని మెరిస్తే రిపేరు అక్కర్లేదు. లెన్సు మీది అపర్చర్ రింగును (వెలుతురు దారిని మార్చే వలయాన్ని) అన్నిటికన్నా పెద్ద అంకె దగ్గరికి తిప్పి లాక్ చేస్తే చాలు.

కానన్‌లో ఎర్రర్ 20 గానీ 30 గానీ బ్యాటరీ తీసి పెట్టినా మళ్లీ వస్తుంటే మాత్రం లోపలి యంత్రాన్ని అనుమానించాలి. మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) అయితే ఎలక్ట్రానిక్ షట్టర్‌కు మార్చి చూడండి. అందులో పడి మెకానికల్‌లో పడకపోతే షట్టర్ యూనిట్ దెబ్బతిన్నట్టే. షట్టర్ రేకులను వేలితో, దూదితో కదపొద్దు, అవి ఇట్టే వంగిపోతాయి. ఫ్లాష్ ఉన్న బాడీని ఇంట్లో విప్పడం మరీ ప్రమాదం. బ్యాటరీ తీసేసినా ఫ్లాష్ కెపాసిటర్‌లో (కరెంటు నిల్వ చేసే భాగంలో) సుమారు 300 వోల్టులు నిలిచి ఉండొచ్చు.

కానన్ 5డి మార్క్ 3, నికాన్ డి750 షట్టర్లను కంపెనీలు 1,50,000 క్లిక్కుల దాకా పరీక్షించాయి. పెళ్లికి 2,500 చొప్పున లెక్కేస్తే 60 పెళ్లిళ్లకే ఆ అంకెకు చేరుతుంది. స్టూడియోలే బతుకుతెరువైన మన రెండు జిల్లాల్లో ఇది చిన్న విషయం కాదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ ఐటీఐల్లో కెమెరా మరమ్మతుపై కనీసం నెల రోజుల శిక్షణ పెట్టాలని అధికారులను కోరుతున్నాం. అందులో కెపాసిటర్‌ను ఖాళీ చేయడం, షట్టర్ యూనిట్ మార్చడం విద్యార్థుల చేతే చేయించి నేర్పాలి.

— ఫొటోగ్రాఫర్లు, విజయనగరం