పక్షుల ఆట తెలుగులోనూ రావాలి

సంపాదకులకు నమస్కారం.

మన పాఠశాలల్లో, శాఖా గ్రంథాలయాల్లో కూర్చుని ఆడే ఆటలంటే క్యారమ్స్, చదరంగం మాత్రమే కనిపిస్తాయి. వాటి సరసన ప్రకృతి ఆధారంగా సాగే వ్యూహాత్మక బోర్డు ఆటలకు చోటు కల్పించాలని, మన అడవులు, చెరువులు ఇతివృత్తంగా అలాంటి ఆటను తెలుగులో తయారు చేయించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ఈ కోరికకు మూలం, ఇటీవల బంధువుల ఇంట పిల్లలతో కలిసి ఆడిన వింగ్‌స్పాన్ అనే ఆట. అమెరికాకు చెందిన ఎలిజబెత్ హార్‌గ్రేవ్ రూపకల్పన చేసిన ఈ ఆట 2019లో వెలువడి, ఆ ఏడాదే జర్మనీలో, కాస్త అనుభవమున్న ఆటగాళ్లకు తగిన ఉత్తమ ఆటకు ఇచ్చే కెన్నర్‌ష్పీల్ డెస్ యారెస్ పురస్కారం అందుకొంది. అడవి, గడ్డిమైదానం, చిత్తడి నేల అనే మూడు ఆవాసాలలోకి పక్షులను రప్పించి, వాటికి ఆహారం సమకూర్చి, గుడ్లు పెట్టించడం ఇందులో ఆటగాళ్ల పని. 170 పక్షి కార్డులలో ఏ రెండూ ఒకే పక్షివి కావు.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకొన్నది, పక్షి స్వభావమే ఆట నియమం కావడం. వేటాడే పక్షుల్లో కొన్నింటికి, కట్ట మీది కార్డు తీసి చూసినప్పుడు అందులోని పక్షి రెక్కల వెడల్పు నిర్ణీత కొలతకన్నా తక్కువైతేనే ఎర దక్కుతుంది. ఎదుటివారి వేట ఫలిస్తే రాబందుకు తిండి దొరుకుతుంది. మన కోకిల కాకి గూటిలో గుడ్డు పెట్టినట్టే, కౌబర్డ్ అనే ఉత్తర అమెరికా పక్షి, ఎదుటి ఆటగాడు గుడ్లు పెట్టించినప్పుడల్లా తానూ వేరే పక్షి గూటిలో ఒక గుడ్డు పెడుతుంది. పాఠంగా చెబితే పరీక్ష మరునాడే మరచిపోయే ఈ సంగతులను, గెలుపు వాటిపైనే ఆధారపడినందున, పిల్లలు తామై చదివి గుర్తుంచుకొంటున్నారు. పైగా మొదటి విడతలో 8 ఎత్తులు ఉంటే ఆ తర్వాత 7, 6, చివరికి 5 మాత్రమే మిగులుతాయి కనుక, ఆరంభంలోనే ముందుచూపుతో పక్షులను ఎంచుకోక తప్పదు. ఎదుటివారి పక్షులను చంపి గెలవడమన్నది ఇందులో లేనే లేదు.

జంతువుల తీరును ఆటగా మలచడం మనకు తెలియని విద్య కాదు. పులి-మేక ఆటలో 3 పులులు, 15 మేకలు ఉంటాయి. పులి మేకపై నుంచి దూకి దాన్ని తినగలదు, మేకలకున్న బలమల్లా కలిసికట్టుగా నిలిచి పులిని కదలనీయకుండా చేయడమే. పాత ఆలయాల మండపాల్లో బండలపై చెక్కిన ఆ గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. అంత చక్కని ఆట మన చేతుల్లో ఉండి కూడా దాన్ని ముందుకు తీసుకువెళ్లకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

వింగ్‌స్పాన్‌కు 2022లో ఆసియా పక్షులతో మరో భాగం వచ్చినా, మనకు దొరికే కార్డులు ఆంగ్లంలో ఉన్నాయి. ధర సామాన్య కుటుంబానికి అందేది కాదు. మన జిల్లాలకు తగిన ఆటను మనమే రూపొందించుకోవచ్చు. నేలపట్టు చెరువులోని చెట్లపై గూళ్లు కట్టి, చేపల కోసం పులికాట్ సరస్సుకు వెళ్లివచ్చే గూడబాతులనే తీసుకొంటే, ఈశాన్య రుతుపవనాలు ముఖం చాటేసిన విడతలో వాటి గూళ్లు తగ్గిపోవాలన్న నియమం చాలు, చెరువు నీటికీ పక్షికీ ఉన్న సంబంధం పదేళ్ల పిల్లవాడికి కూడా బోధపడుతుంది. 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా గుర్తింపు పొందిన శేషాచలం కొండల్లో ఎర్రచందనం, దేవాంగ పిల్లి, బంగారు బల్లి ఉన్నాయి. ఇక పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యంలోని ఏనుగుల దారినీ, ఆ పక్కనే పంట వేసుకొన్న రైతు కష్టాన్నీ ఒకే బోర్డుపై చూపగలిగితే, ఏ పక్షానికీ అన్యాయం చేయకుండా ఆలోచించే అభ్యాసం పిల్లలకు అలవడుతుంది.

జీవుల వివరాలు సరిచూడటానికి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, విజ్ఞాన శాస్త్ర విద్యా పరిశోధన సంస్థ ఐసర్ ఉన్నాయి. బొమ్మలు గీయడానికి శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు, పావులు చెక్కడానికి మాధవమాల కొయ్య శిల్పులు ఉన్నారు. తిరుపతి, చిత్తూరు జిల్లాల గ్రంథాలయ సంస్థలు, అటవీ శాఖ కలిసి చొరవ తీసుకొని, వచ్చే వేసవి శిబిరాల నాటికి ఒక నమూనా ఆటనైనా సిద్ధం చేయించి పిల్లల చేత ఆడించి చూడాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తిరుపతి