మంగళగిరి చీర కొన్నవాళ్లకు: ఎక్కడ తప్పు జరిగింది, కొత్తది ఎలా వస్తోంది

సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ 3డీ లోకంలో మా కొట్టు నుంచి సంక్రాంతికి అవతార్‌కు (అక్కడ తిరిగే మన బొమ్మకు) కట్టే మంగళగిరి చీర కొన్న అందరికీ నమస్కారం. ఆ చీర మీలో చాలామందికి సరిగ్గా పట్టలేదు. కూర్చుంటే కుచ్చెళ్లు రెండుగా చీలిపోతున్నాయని, నడుము దగ్గర ఒళ్లు చీరలోంచి పొడుచుకొస్తోందని, తుంటి మీద అంచు సాగిపోయి వెడల్పుగా కనిపిస్తోందని రాశారు. మీరు రాసినవన్నీ నిజం. తప్పు నాదే. విడివిడిగా జవాబిస్తుంటే ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెప్పడం మర్చిపోతున్నాను, అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

వచ్చిన మెసేజ్‌లలో ఒక పెద్దావిడ రాసింది నన్ను బాగా బాధపెట్టింది. “అమ్మాయ్, ఇక్కడ నా ఒళ్లు ఎలా ఉందో అక్కడా అలాగే పెట్టుకున్నాను. చీరే కదా, ఎవరికైనా సరిపోతుందిలే అని డెమో చూడకుండా కొనేశాను” అని రాశారు. ఆవిడ అనుకున్నదాంట్లో తప్పేముంది? నిజమైన చీరకు కొలతలుండవు. కత్తెర తగలని ఐదున్నర మీటర్ల గుడ్డ అది. అమ్మ కట్టుకున్న చీరే కూతురూ కట్టుకుంటుంది, కడుపుతో ఉన్నప్పుడు రెండు కుచ్చెళ్లు తగ్గించి అదే కట్టుకుంటుంది. మెష్‌లో (చిన్న చిన్న త్రిభుజాలతో అల్లిన 3డీ ఆకారంలో) చేసిన చీర అలా కాదు. కట్టిన చీరను అచ్చు తీసి పోత పోసినట్టుంటుంది. ఆ అచ్చు ఎవరి ఒంటి మీద తీస్తే వాళ్లకే సరిగ్గా పడుతుంది. నేను తీసింది నా అవతార్ మీద. దాని పొట్ట స్లైడర్ (ఒంటి కొలత మార్చే మీట, 0 నుంచి 100 దాకా జరుగుతుంది) 8 దగ్గర ఉంటుంది. 30, 40 పెట్టుకున్నవాళ్ల షేప్ మీద విడుదలకు ముందు నేను ఒక్కసారి కూడా వేసి చూడలేదు.

కొత్తగా చేరినవాళ్ల కోసం, ఇది ఎలా పనిచేస్తుందో కాస్త చెప్తాను. అవతార్ లోపల కంటికి కనపడని ఎముకల గూడు ఉంటుంది. బట్టలోని ప్రతి బిందువూ ఏ ఎముకతో ఎంత కదలాలో బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో వెయిట్ పెయింట్ చేసి చెప్తాం, ఆ లెక్కల్నే వెయిట్స్ అంటాం. ఒక బిందువును నాలుగు ఎముకలకు మించి కట్టడం కుదరదు. సెకండ్ లైఫ్‌లోకి మెష్ 2011లో వచ్చినప్పుడు బట్ట చేతులతో, కాళ్లతో కదిలేది కానీ పొట్ట, ఛాతీ లాంటి స్లైడర్లు జరిపితే కదిలేది కాదు. అందుకే అప్పట్లో ఒకే గౌనును ఎక్స్ఎక్స్ఎస్ నుంచి ఎల్ దాకా ఐదు సైజుల్లో ఇచ్చేవారు. 2014లో ఫిట్టెడ్ మెష్ వచ్చాక ఒంటి లావును, సన్నాన్ని పట్టించుకునే వాల్యూమ్ బోన్స్‌కి కూడా బట్టను కట్టే వీలు కలిగింది. ఇప్పుడు మీరు కొనే బట్టలు దాదాపు అన్నీ ఈ పద్ధతిలో చేసినవే. అయితే అవతార్‌కు ఒక్కో తయారీదారు అమ్మే ఒళ్లు (బాడీ) ఒక్కోలా ఉంటుంది, ఒక బాడీకి చేసింది ఇంకో బాడీకి పట్టదు. లారా, లారాఎక్స్ అనే బాడీల పేర్లు అంత దగ్గరగా ఉన్నా వాటికి కూడా విడివిడిగా చేయాల్సిందే.

మిగతా బట్టల్లో ఒళ్లు బయటికి పొడుచుకొస్తే ఒక దారి ఉంది. బట్ట కింద ఉన్న ఒంటి భాగాన్ని ఆల్ఫాతో (ఒంటిని పారదర్శకంగా చేసే పొరతో) మాయం చేసేస్తాం, ఇక కనపడేదేమీ ఉండదు. చీరలో ఆ దారి సగమే పనికొస్తుంది. జాకెట్టుకూ బొడ్డు దగ్గర దోపిన చోటుకూ మధ్య నాలుగు వేళ్ల మేర నడుము కనపడాలి. కనపడాల్సిన ఒంటిని మాయం చేయలేం కదా. ఆ గీత దగ్గర చీర వెయిట్స్, బాడీ తయారీదారు డెవ్ కిట్‌లో (బట్టలు చేసేవాళ్లకిచ్చే ఫైళ్లలో) ఇచ్చిన వెయిట్స్ అచ్చంగా ఒకటే అయి ఉండాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా, స్లైడర్ జరిపినప్పుడు చీర ఒకలా, నడుము ఒకలా పెరుగుతాయి. సంక్రాంతి చీర కోసం నేను చేత్తో వేసిన వెయిట్స్‌నే సర్దుబాటు చేసి వాడాను. పండగకు అందించాలన్న తొందర అది. ఇప్పుడు నడుము చుట్టూ ఆ పట్టీ మొత్తం చెరిపేసి, డెవ్ కిట్ నుంచి మళ్లీ తీసుకున్నాను. మూడు బాడీలకు మూడుసార్లు చేశాను. పొట్ట స్లైడర్ 0 నుంచి 70 దాకా జరిపి చూస్తే ఇప్పుడు ఎక్కడా పొడుచుకు రావడం లేదు. 70 దాటితే వెనకవైపు, వెన్నుపూస దగ్గర చిన్న ఖాళీ కనిపిస్తోంది. దాని మీదే పని చేస్తున్నాను.

కుచ్చెళ్లు అంతకంటే కష్టం. అవి రెండు కాళ్ల మధ్య ఉంటాయి. ఎడమ తొడ ఎముకకు కడితే కుడికాలు ముందుకేసినప్పుడు కాలు బయటికొస్తుంది. రెండింటికీ సగం సగం పంచితే నడిచేటప్పుడు బాగుంటుంది, కూర్చుంటే మాత్రం మధ్యకు చీలి గొడుగు బట్టలా సాగుతుంది. సెకండ్ లైఫ్‌లో మెష్ బట్టకు గుడ్డలా తనంతట తాను జారి, మడతపడే గుణం లేదు. మేం ఎముకకు ఎలా కడితే అలాగే కదులుతుంది. గుడ్డ ఎలా జారుతుందో లెక్కగట్టే మార్వెలస్ డిజైనర్ సాఫ్ట్‌వేర్‌లో ఆ కుచ్చెళ్లు ఎంత అందంగా జారినా, ఎగుమతి చేసిన క్షణం నుంచి అవి బిగుసుకుపోతాయి.

ఈ విషయం మీద రెండు వారాలు కూర్చున్నాక ఒక నిర్ణయానికి వచ్చాను. కొత్త చీరలో కింది భాగం రెండు ముక్కలుగా వస్తుంది. ఒకటి నిలబడి నడవడానికి, ఇంకొకటి కుర్చీలో కూర్చోవడానికి. కూర్చునేటప్పుడు మీరే మార్చుకోవాలి. మీరు కూర్చోగానే స్క్రిప్టే మార్చేసేలా చేయొచ్చు కదా అని అడుగుతారు. చేయొచ్చు. కానీ అప్పుడు రెండు ముక్కలూ ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి, ఒకటి కనపడకుండా. పెళ్లిలో పాతిక మంది చీరలు కట్టుకుని చేరితే పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ల స్క్రీన్ కదలదు. ఆ భారం ఎవరి మీదా పెట్టదలచుకోలేదు. అదే కారణంతో మొదటి చీరలో 92 వేలు ఉన్న త్రిభుజాలను 38 వేలకు తగ్గించాను. సన్నటి మడతలు ఇప్పుడు నార్మల్ మ్యాప్‌లో (వెలుగునీడలతో మడతలున్నట్టు చూపే బొమ్మలో) ఉన్నాయి, దగ్గరగా చూసినా తేడా తెలియడం లేదు.

బాసింపట్టు వేసుకుని నేల మీద కూర్చుంటే మాత్రం కొత్త చీర కూడా బాగుండదు. ముందే చెప్తున్నాను. వ్రతానికో పూజకో కట్టుకోవాలని కొనేవాళ్లు దయచేసి డెమో వేసుకుని, నేల మీద కూర్చుని చూసి, అప్పుడే నిర్ణయించుకోండి.

ఇంకో తప్పు మీలో ఎవరూ రాయలేదు, మా అమ్మ పట్టుకుంది. అమ్మ రాజమండ్రిలో ముప్పై ఏళ్లుగా జాకెట్లు కుడుతోంది. స్క్రీన్ చూసి, “కుచ్చెళ్లు కుడివైపు తిరిగున్నాయేంటే? ఎడమవైపు కదా తిరగాలి” అంది. మిర్రర్ చేసేటప్పుడు తిరగబడిపోయి ఉంటుంది. అన్ని వారాలు చూస్తూ కూడా నా కంటికి ఆనలేదు. అదీ సరిచేశాను. పైటకు భుజం దగ్గర పిన్ను పెట్టిన కట్టు ఒక్కటే ఇస్తున్నాను. చేతి మీద జారవిడిచే పైటను మోచేతి ఎముకకు కట్టి చూశాను. చెయ్యెత్తి నమస్కారం పెడితే పైట మొత్తం రెక్కలా లేస్తోంది. అది బాగు చేయగలనన్న నమ్మకం కుదిరేదాకా అమ్మకానికి పెట్టను.

అంచు గురించి. మంగళగిరి చీరకు ఒంట్లో బుటాలుండవు, అందమంతా జరీ అంచులోనే ఉంటుంది. ఆ అంచు సాగితే ఇక చీరలో చూడ్డానికి ఏం మిగులుతుంది? ఫొటోలు తీసుకోనిచ్చిన నేతన్నకు మొదటి చీర స్క్రీన్‌షాట్ పంపడానికి కూడా నాకు మొహం చెల్లలేదు. ఇప్పుడు అంచుకు విడిగా యూవీ (బొమ్మను మెష్ మీద పరిచే పటం) వేసి, తుంటి దగ్గర వెయిట్స్ నెమ్మదిగా మారేలా చేశాను. జరీకి పీబీఆర్ మెటీరియల్ (వెలుగు పడితే నిజమైన లోహంలా మెరిసేది) పెట్టాను, పాత వ్యూయర్ (సెకండ్ లైఫ్ చూసే ప్రోగ్రామ్) వాడేవాళ్లకు పాత పద్ధతి టెక్స్చర్ కూడా ఉంటుంది. ఉగాదికి అనుకున్న పోచంపల్లి చీరను ఆపేశాను. ఇక్కత్‌లో గళ్లు కొంచెం సాగినా వెంటనే తెలిసిపోతుంది, ముందు ఇది కుదరాలి.

ఇక మీకు కావలసిన వివరాలు. కొత్త చీర లారాఎక్స్, లెగసీ, రీబోర్న్ బాడీలకు వస్తుంది. ఇదివరకు కొన్నవాళ్లెవరూ మళ్లీ డబ్బు కట్టక్కర్లేదు. కొట్లోని రీడెలివరీ బోర్డు తాకితే వస్తుంది, మొత్తం రంగుల ఫ్యాట్‌ప్యాక్ కొన్నవాళ్లకు ఫ్యాట్‌ప్యాకే వస్తుంది. ఎవరైనా బహుమతిగా ఇచ్చి ఉంటే రికార్డు కొన్నవాళ్ల పేరు మీద ఉండొచ్చు, నాకు నోట్‌కార్డ్ (సెకండ్ లైఫ్ లోపలి చీటీ) వేయండి. మిగతా పాత బాడీలకు ఇక చేయలేను. ఒక్కో బాడీకి నాలుగైదు రోజుల పని పడుతోంది, ఉన్నది నేనొక్కదాన్నే. ఆ బాడీలు వాడేవాళ్లకు మొత్తం లిండెన్ డాలర్లు (సెకండ్ లైఫ్ డబ్బు) వెనక్కి ఇచ్చేస్తాను, గడువేమీ లేదు. కొత్తగా చేరి బాడీ కొనే స్థోమత లేనివాళ్ల కోసం, సెకండ్ లైఫ్ నడిపే లిండెన్ ల్యాబ్ ఉచితంగా ఇచ్చే సెన్రా బాడీకి ఒక లంగావోణీ చేస్తున్నాను. అది కూడా ఉచితమే.

విడుదల తేదీ ఈసారి చెప్పను. ముందు అదితిలో పరీక్ష జరగాలి. మనం రోజూ తిరిగే గ్రిడ్ (సర్వర్ల సముదాయం) పేరు అగ్ని, పరీక్షలకు వాడే గ్రిడ్ పేరు అదితి. అక్కడ అప్‌లోడ్‌కు నిజమైన డబ్బు ఖర్చు కాదు కాబట్టి ఎన్నిసార్లయినా వేసి చూడొచ్చు. దీనికి మీ సాయం కావాలి. షేప్ పంపక్కర్లేదు, ఎడిట్ షేప్ తెరిచి పొట్ట, నడుము పక్కల కండ, తుంటి వెడల్పు, ఒంటి లావు, ఛాతీ, ఈ ఐదు స్లైడర్ల అంకెలు నోట్‌కార్డ్‌లో రాసి పంపండి, ఏ బాడీయో కూడా రాయండి. పెద్ద అంకెలున్నవాళ్లు మొహమాటపడకండి, ముందు మీవే వేసి చూస్తాను. ఆ పెద్దావిడ అంకెలు ఇప్పటికే నా దగ్గరున్నాయి, మొదటి పరీక్ష వాటితోనే.