దొండపర్తి నుంచి కదలడం లేదు, రేట్లు మాత్రం మారుతున్నాయి

మా క్యారియర్ భోజనాల ఖాతాదారులకు నమస్కారం. విశాఖ రైల్వే స్టేషను దగ్గర దొండపర్తిలో ఉన్న మా దుకాణాన్ని నగర శివారులోని మధురవాడకు మారుస్తున్నామా అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. మార్చడం లేదు. అయితే వచ్చే నెల ఒకటో తేదీ నుంచి శాకాహార క్యారియర్ ధర 90 నుంచి 110 రూపాయలకు పెరుగుతుంది. రాత్రి కౌంటరు మూతపడుతుంది.

ఇక్కడే ఎందుకు ఉంటున్నామో చెప్పాలంటే వాల్తేరు (విశాఖ స్టేషను పాత పేరు) కథ కొంత చెప్పాలి. 1893–1896 మధ్య బెజవాడ నుంచి కటకం (ఒడిశాలోని కటక్) దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే లైను పడింది. తరువాత ఉత్తర భాగం బెంగాల్ నాగపూర్ రైల్వేకు, దక్షిణ భాగం మద్రాసు రైల్వేకు వెళ్ళడంతో వాల్తేరు రెండు కంపెనీలకూ హద్దుగా నిలిచింది. ఇంజన్ల షెడ్డు, రైల్వే క్వార్టర్లు, వాటిని అంటిపెట్టుకుని మాలాంటి దుకాణాలు వచ్చాయి. 1931లో రాయపూర్ లైను పూర్తయింది, 1933లో ఓడరేవు తెరుచుకుంది. అయినా మా పొయ్యిని నిలబెట్టింది ఓడరేవు కంటే 1960లలో అనంతగిరి కొండలెక్కిన కొత్తవలస–కిరండూల్ లైనేనని నా అభిప్రాయం. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం మోసే గూడ్సులకు పగలూ రాత్రీ తేడా లేదు కాబట్టి, వాటిని నడిపేవారి భోజనానికీ వేళ ఉండదు.

గూడ్సు ఏ సిగ్నల్ దగ్గర ఎన్ని గంటలు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే డ్యూటీ క్యారియర్ (బండి నడిపేవారు వెంట తీసుకెళ్ళే భోజనం) కూరలలో కొబ్బరి వేయము; అన్నం పూర్తిగా ఆరాకే గిన్నెకు ఎత్తుతాము; పెరుగు విడిగా, తోడుకునే దశలోనే ఇస్తాము. ఇంత జాగ్రత్తను మధురవాడ ఫ్లాట్లలో అడిగేవారుండరు.

రాత్రి కౌంటరు సంగతి వేరు. విశాఖ స్టేషనులో ఇంజన్ ఈ కొస నుంచి ఆ కొసకు మార్చాలి కనుక హౌరా వైపు వెళ్ళే బండ్లు చాలాసేపు ఆగేవి. ఊళ్ళోని బంధువులు మా పొట్లాలు పట్టుకెళ్ళి ప్రయాణికులకు అందించేవారు. ఇప్పుడు కొన్ని బండ్లు స్టేషనుకు రాకుండానే దువ్వాడ నుంచి సింహాచలం నార్త్ మీదుగా వెళ్ళిపోతున్నాయి. మిగిలిన అమ్మకం వంటమనిషి జీతానికి కూడా చాలడం లేదు. ధర పెంపునకు కారణం మాత్రం కందిపప్పు, నూనె, గ్యాసే.

దక్షిణ కోస్తా రైల్వే జోన్ కార్యాలయానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగినప్పుడు మా పంట పండిందని పలువురు అభినందించారు. వారి అభిమానానికి కృతజ్ఞతలు. కానీ కార్యాలయం ముడసర్లోవలో వస్తోంది, అక్కడి ఉద్యోగులు మధ్యాహ్న భోజనానికి దొండపర్తి దాకా రారు. మా లెక్క ఇప్పటికీ బండి నడిపేవారి మీదే.

తెల్లవారుజామున నాలుగింటికి దుకాణం యథావిధిగా తెరుస్తాము. రాత్రి డ్యూటీ క్యారియర్ కావలసినవారు సాయంత్రం నాలుగులోగా చెప్పాలి. నెలకు ముందుగా చెల్లించినవారికి ఆ సొమ్ము పూర్తయ్యేవరకు పాత ధరే వర్తిస్తుంది.