అంచు కట్టేముందు నేల సంగతి

చి. అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన ప్లాను చూశాను. 12 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, మీటరున్నర లోతు, వాలు వైపున్న పొడుగు గోడ మీదుగా నీళ్లు పొర్లే ఇన్ఫినిటీ పూల్. అందులో టైల్స్ రంగు దాకా రాశారు గానీ కింద ఏ మట్టి ఉందో ఎక్కడా లేదు. అందుకే ఈ ఉత్తరం అంతా మట్టి గురించే.

ముందు బరువు లెక్క చూద్దాం, అందరికీ భయం దాని మీదే. నీళ్లు 72 టన్నులు. అడుగు, గోడలు పావు మీటరు మందం అనుకుంటే కాంక్రీటు సుమారు 26 ఘనపు మీటర్లు, అంటే 66 టన్నులు. మొత్తం 138 టన్నులు 56 చదరపు మీటర్ల మీద పరుచుకుంటాయి. చదరపు మీటరుకు రెండున్నర టన్నుల లోపే. ఓ మాదిరి గట్టి నేల 10 టన్నులు మోస్తుంది. పూర్తిగా భూమిలోకి దిగిన కొలనైతే తవ్వి తీసిన మట్టే అంతకంటే ఎక్కువ బరువుంటుంది. కాబట్టి నేల మోస్తుందా లేదా అని బెంగ అక్కర్లేదు. ఈ చివరా ఆ చివరా ఒకేలా మోస్తుందా అన్నదే చూడాలి.

మామూలు కొలను సెంటీమీటరు ఒరిగినా చాలామంది గమనించరు. ఇక్కడ అంచు మీద పారే నీటిపొర 6 మిల్లీమీటర్లే. ఒక కొస 6 మిల్లీమీటర్లు దిగిందంటే రెండో కొసన పొర సగానికి పలచబడుతుంది, నీళ్లలో ఎక్కువ భాగం దిగిన కొస వైపు నుంచే దూకుతాయి. పలచబడ్డ కొసన మళ్లీ 6 మిల్లీమీటర్ల పొర రావాలంటే నీళ్లు ఎక్కువ తోడాలి. 12 మీటర్ల అంచు సమంగా ఉంటే గంటకు 37 ఘనపు మీటర్లు చాలు. 6 మిల్లీమీటర్లు ఒరిగితే 70 దగ్గరికి పోతుంది. పంపు, పైపులు, కరెంటు అన్నీ దాదాపు రెట్టింపు. నేల దగ్గర మిగిల్చుకున్నామనుకున్నది ఇలా నెలనెలా పోతుంది.

మట్టి పరీక్షకు కనీసం మూడు బోర్‌హోల్స్ వేయించు. ఒకటి పొర్లే గోడ కింద, ఒకటి దానికి ఎదురుగా ఎగువన, ఒకటి పొర్లిన నీళ్లు పడే కింది తొట్టి వచ్చే చోట. కొలను అడుగు నుంచి ఇంకో 5 మీటర్లు, లేదా గట్టి రాయి తగిలేదాకా దింపాలి. నేల గట్టిదనం చూసే స్టాండర్డ్ పెనెట్రేషన్ టెస్ట్‌లో 63.5 కిలోల సుత్తి 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడుతూ ఒక గొట్టాన్ని నేలలోకి దింపుతుంది. మొదటి 15 సెంటీమీటర్ల దెబ్బలు లెక్కలోకి రావు, తరవాతి 30 సెంటీమీటర్లకు పడినవే ఎన్ విలువ. ఇసుకలో అది 10 లోపు ఉంటే వదులు నేల, 30 దాటితే బిగువు. మూడు బోర్ల సగటు చూసి సంతోషపడకు. ఎగువన 35, దిగువన 9 వస్తే ఆ రెంటి సగటు 22 బాగానే కనిపిస్తుంది, కొలను మాత్రం ఒరుగుతుంది. ఒక బోర్‌లో చిల్లుల పైపు ఉంచి, వానలు బాగా పడ్డాక ఊట నీరు ఎంత పైకి వస్తుందో కొలిపించు. ఎండాకాలపు మట్టం దేనికీ పనికిరాదు.

ఇక వాలు. ఇన్ఫినిటీ పూల్ అంటేనే వాలు అంచున కడతారు కాబట్టి అసలు చిక్కంతా ఇక్కడే. సాధారణంగా చేసే పని ఏమిటంటే, ఎగువన తవ్వి, ఆ మట్టినే దిగువన పోసి చదును చేస్తారు. దాంతో కొలను సగం పాత నేల మీద, సగం పోసిన మట్టి మీద కూర్చుంటుంది. పొర్లే గోడ సరిగ్గా పోసిన మట్టి మీదకే వస్తుంది. ఎంత బాగా దిమ్మిస కొట్టినా పోసిన మట్టి తన బరువుకు తానే ఎత్తులో అర శాతం దాకా తరవాత దిగవచ్చు. 2 మీటర్ల మెరకకు అది 10 మిల్లీమీటర్లు. మన నీటిపొర 6 అన్నది మరిచిపోకు.

కాబట్టి పొర్లే గోడ పునాది మెరకను దాటి పాత నేలలోకి దిగాల్సిందే. లోతు తక్కువైతే గోడ పునాదినే కిందికి దింపు, ఎక్కువైతే కొలను మొత్తానికీ పైల్స్, అంటే లోతుకు దింపే కాంక్రీటు స్తంభాలు, వేయించు. ఒక వైపు పైల్స్, ఇంకో వైపు మామూలు నేల అనే కలగాపులగం మాత్రం ఒప్పుకోకు. పైల్స్ వైపు కదలదు, రెండోది దిగుతుంది, మధ్యలో అడుగు చీలుతుంది. అలా చేయక తప్పకపోతే ఆ తేడాకు తగ్గ డిజైన్ ఇంజినీరు చేతే గీయించాలి.

చుట్టూ నడవడానికి మెరక వేయాలంటే ముందు గడ్డి, వేళ్లు ఉన్న పైమట్టి 15 నుంచి 30 సెంటీమీటర్లు గీకి పక్కన పోయించు, తోటకు పనికొస్తుంది. తరవాత వాలును మెట్లుగా కోయించు. ఒక్కో మెట్టు రోలర్ పట్టేంత వెడల్పు, కొండ వైపు కాస్త వంపు ఉండాలి. వాలు మీద నేరుగా మట్టి పోస్తే చాప మీద చాప జారినట్టు జారుతుంది. పొర 20 సెంటీమీటర్లు మించకుండా, తేమ సరిచూసి, మట్టిని ల్యాబులో కుదించి చూసే ప్రోక్టర్ పరీక్షలో వచ్చిన గరిష్ఠ సాంద్రతలో 95 శాతం వచ్చేదాకా దిమ్మిస. బంకమట్టికి గొట్టం దింపి ముక్క తీసే కోర్ కట్టర్‌తో, గరప మట్టికి ఇసుక పోసి కొలిచే పద్ధతిలో పొరపొరకూ పరీక్ష చేయించు. అన్ని పొరలూ పోసేశాక పై పొర ఒక్కటే పరీక్షిస్తే కింద ఏముందో ఎవరికీ తెలియదు.

వాలు కొసకు ఎంత దగ్గరగా రావచ్చన్నదానికి అమెరికాలో వాడే ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో ఒక లెక్క ఉంది. భవనం పునాదికి చెప్పిన దూరంలో సగం కొలనుకు చాలు, అంటే వాలు ఎత్తులో ఆరో వంతు. దాంతోపాటు ఇంకో షరతు: వాలు పైఅంచు నుంచి 2.1 మీటర్ల లోపు ఉన్న గోడ, వెనక మట్టి ఆసరా లేకుండా నీటి తోపుడును తానే తట్టుకోవాలి. బయటి మట్టి ఆనుకుని ఉంది కదా అని గోడలో ఇనుము తగ్గిస్తామంటే వినకు. ఆ మట్టి వానకు కొట్టుకుపోవచ్చు.

వాలు మీద చెట్ల మొదళ్లు వంగి పైకి తిరిగి ఉన్నా, కంచె స్తంభాలు ఒకే వైపు ఒరిగినా, నేల మీద వాలుకు అడ్డంగా పగుళ్లున్నా ఆ నేల మెల్లగా జారుతోందని అర్థం. అలాంటి చోట మంచి మట్టి పోసినంత మాత్రాన లాభం లేదు, జారే పొరను దాటి పైల్స్ దిగాలి. ఎగువన వాన నీటిని పక్కకు మళ్లించే కాలువ తవ్వించు. కొలను ఎగువ గోడ వెనక చిల్లుల పైపు, చుట్టూ 20 మిల్లీమీటర్ల కంకర, దాని మీద జియోటెక్స్‌టైల్ (నీటిని వదిలి మట్టిని ఆపే గుడ్డ) చుట్టు, ఆ నీరు బయటపడే దారి, ఇవన్నీ ఉండాలి. చుట్టు లేకపోతే రెండు మూడు వానలకే కంకర బురదతో మూసుకుపోతుంది.

నల్లరేగడి లాంటి ఉబ్బే మట్టి ఉందేమో నువ్వే చూసుకోవచ్చు. సన్నగా జల్లించిన ఎండు మట్టి 10 గ్రాములు చొప్పున రెండు 100 మిల్లీలీటర్ల గాజు జాడీల్లో పోసి, ఒకదాంట్లో డిస్టిల్డ్ వాటర్, రెండో దాంట్లో కిరోసిన్ నింపి 24 గంటలు కదపకుండా ఉంచు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీళ్ల జాడీలో మట్టి అంతకంటే సగానికి మించి ఎక్కువ పెరిగితే ప్రమాదకరమే. అలాంటి మట్టిని కొలను అడుగు కింద మీటరు దాకా, పక్కల అరమీటరుకు పైగా తీసేసి, ఉబ్బని మొరంతో పొరలుగా నింపాలి. దాని బదులు ఇసుక పోస్తే చాలనేవాళ్లు ఉంటారు. ఆ ఇసుక నీటిని పట్టి ఉంచి కింది బంకమట్టికి తాగిస్తూనే ఉంటుంది, ఉబ్బు ఇంకా పెరుగుతుంది. సున్నం 3 నుంచి 5 శాతం కలపడం మంచి మందే, కానీ మట్టిలో సల్ఫేట్లు లేవని ముందు పరీక్షించాలి. ఉంటే సున్నం వాటితో కలిసి తానే ఉబ్బుతుంది. పొర మరీ లోతుగా ఉంటే కింద ఉబ్బెత్తు గుండు ఉన్న అండర్ రీమ్డ్ పైల్స్ వేసి, స్లాబు కింద ఖాళీ వదలాలి. ఆ ఖాళీ లేకపోతే ఉబ్బిన మట్టి స్లాబును పైకి నెడుతుంది.

రాతి నేల అంటే అందరికీ ధీమా. పూర్తిగా రాయి అయితే నిజమే. అడుగున సగం బండ, సగం మట్టి ఉంటేనే తంటా. అప్పుడు మట్టి వైపు బండ దాకా తవ్వి సాదా కాంక్రీటు నింపాలి, లేదా బండను 30 సెంటీమీటర్లు అదనంగా కొట్టి మొత్తం అడుగున దిమ్మిస చేసిన కంకర పరుపు వేయాలి. మొదటిదే మేలు. పేలుళ్ల కంటే హైడ్రాలిక్ బ్రేకర్, లేదా రంధ్రాల్లో పోస్తే ఉబ్బి రాయిని చీల్చే పొడి నయం. పేలిస్తే మిగిలే బండ కూడా బీటలు వారుతుంది. రాతి పొరలు లోయ వైపు వాలి ఉంటే మాత్రం భూగర్భ నిపుణుడు చూడకుండా ముందుకు పోవద్దు.

ఇసుక నేల పని సులువే, గోడలే నిలవవు. తవ్వకం పక్కల్ని మీటరు లోతుకు మీటరున్నర బయటికి వచ్చేలా వాలుగా కోయాలి, చోటు లేకపోతే షీట్ పైల్స్, అంటే నేలలోకి దింపే ఇనుప రేకులు. అడుగును తడిపి వైబ్రేటింగ్ ప్లేట్‌తో కుదించు, దాని దెబ్బ 20, 30 సెంటీమీటర్లు మించి దిగదు. పాత గుంతల్ని చెత్తతో పూడ్చిన నేలైతే, అంటే ఇటుక ముక్కలు, ప్లాస్టిక్ బయటపడితే, అది ఎంత లోతున్నా మొత్తం తీసేయాల్సిందే. లేదంటే దాన్ని దాటి పైల్స్.

ఊట నీటి లెక్క ఒకటి జాగ్రత్తగా చూడు. కొలను ఖాళీగా ఉన్నప్పుడు బయటి నీరు అడుగు స్లాబు కింది మట్టం కంటే 1.2 మీటర్లు పైకి వస్తే పైకి నెట్టే బలం 67 టన్నులు. మన కాంక్రీటు 66. అంటే కొలను పడవలా లేస్తుంది. జాగ్రత్త కోసం బరువు నెట్టుడుకు 1.2 రెట్లు ఉండాలి కాబట్టి ఆ నీరు మీటరు దాకా కూడా రాకూడదు. వచ్చే నేలైతే స్లాబును గోడల బయటికి అరమీటరు చాచి దాని మీద మట్టి కూర్చోబెట్టు, లోతైన చోట, బయటి నీటి ఒత్తిడి పెరిగితే దాన్ని కొలనులోకి వదిలే హైడ్రోస్టాటిక్ వాల్వ్ పెట్టించు. పని జరిగేటప్పుడు నీరు తోడే పంపును కాంక్రీటు అయిపోయిందని ఆపకు, కొలను నింపేదాకా నడవాలి. కింది తొట్టిని అందరూ మరిచిపోతారు. అది అన్నిటికంటే దిగువన, ఎప్పుడూ సగం ఖాళీగా ఉండేది, కాబట్టి ముందు తేలేది అదే. దాన్ని పొర్లే గోడతో కలిపి ఒకే పునాది మీద కట్టు. విడిగా కడితే మధ్య పైపులకు వంగే జాయింట్లు ఉండాలి.

తవ్వకం కొలతకు గోడ మందం, చుట్టూ 60 సెంటీమీటర్ల పని చోటు, కింద 15 సెంటీమీటర్ల కంకర, 10 బెడ్ కాంక్రీటు (స్లాబు కింద పోసే సాదా కాంక్రీటు పొర), 25 స్లాబు కలిపితే 13.7 × 5.7 × 2 మీటర్లు, సుమారు 156 ఘనపు మీటర్లు. తవ్వితే మట్టి వదులై 195 దాకా పెరుగుతుంది, లారీల లెక్క దాని మీద వేయి. చివరి 15 సెంటీమీటర్లు యంత్రం పళ్లతో కాకుండా చేత్తో చెక్కించు. ఎక్కడైనా ఎక్కువ తవ్వేస్తే వదులు మట్టితో పూడ్చనివ్వకు, బెడ్ కాంక్రీటే పోయించు.

ఇంత చేశాక కూడా అంచు టైల్స్ వెంటనే అంటించొద్దు. కాంక్రీటు 28 రోజులు గట్టిపడ్డాక కొలను నింపించి, నాలుగు మూలలా, అంచు మధ్యలో గుర్తులు పెట్టి, మూడు నాలుగు వారాలు లెవల్ యంత్రంతో వారానికోసారి కొలిపించు. రెండు వరస కొలతల్లో తేడా లేకపోతే అప్పుడు అంచును 1, 2 మిల్లీమీటర్ల లోపు సరిచేసి టైల్స్ వేయించు.

బోర్‌హోల్ రిపోర్టు రాగానే పంపు. పొర్లే గోడ పక్కది ముందు చూస్తాను.

మీ నాన్న