దసరా మేక ఎందుకు చేదైందంటే

అందరికీ నమస్కారం. డొంకతిరుగుడు లేకుండా చెప్పేస్తాను. దసరా శనివారం మీరు మన దగ్గర తీసుకెళ్లిన స్మోక్డ్ మేక, అంటే పొగలో వండిన మేక మాంసం, చేదుగా ఉంది. కారం ఎక్కువైందేమో, మన నాలుకే బాగాలేదేమో అని సర్దుకుపోయినవాళ్లు ఇక సర్దుకోనక్కర్లేదు. ఆ సాయంత్రం మిగిలిన జబ్బ ముక్క ఒకటి ఇంటికి తెచ్చుకుని నేనూ తిన్నాను. మొదటి ముద్దకి ఏమీ తెలియలేదు. రెండో ముద్దకి నాలుక వెనకాల ఏదో అంటుకుంది, తారు వేస్తున్న రోడ్డు పక్కన కూర్చుని అన్నం తింటున్నట్టు. మా ఆవిడ మాట్లాడకుండా పెరుగు గిన్నె నా వైపు జరిపింది.

ఆ రోజు మొత్తం 62 ఆర్డర్లు. అందులో 48 మేక, మిగతావి కోడి. కోడి రెండున్నర గంటలే పొగలో ఉంది కాబట్టి బతికిపోయింది. మేక తీసుకున్నవాళ్లలో 17 మంది ఫోన్ చేసి చెప్పారు. మిగతా 31 మంది మొహమాటపడ్డారనే అనుకుంటున్నాను, ఎందుకంటే మాంసమంతా ఒకే ట్యాంకులోంచి, అంటే పాత ప్రొపేన్ గ్యాస్ ట్యాంకుని కోసి నేను కట్టిన స్మోకర్‌లోంచి వచ్చింది. అందుకే అడిగినవాళ్లు, అడగనివాళ్లు అని చూడకుండా 48 మందికీ పూర్తి డబ్బు వెనక్కి వేశాం. మీకు ఇంకా రాకపోతే ఆర్డర్ పెట్టిన నంబరుకే ఒక మెసేజ్ పెట్టండి.

ఒక తమ్ముడు గ్రూపులో రాశాడు: "అన్నా, నాలుగొందల డాలర్లు పెట్టి తుక్కు ట్యాంకు కొని, ప్రయోగం మా పండగ మీద చేశావు." రెండు రోజులు కోపంగానే ఉన్నాను. ట్యాంకు నాలుగొందలు కాదు, మూడొందల యాభై. మిగతాదంతా నిజమే.

అసలు ట్యాంకు దాకా ఎందుకు వెళ్లానో పాతవాళ్లకి తెలుసు, కొత్తవాళ్ల కోసం చెబుతున్నా. మూడేళ్లుగా శుక్రవారం రాత్రి నుంచి శనివారం మధ్యాహ్నం దాకా ఒకాయన పిట్ (మాంసాన్ని పొగలో వండే పెద్ద పొయ్యి, స్మోకర్ అన్నా అదే) అద్దెకి తీసుకుని వండేవాళ్లం. జూన్‌లో ఆయన దాన్ని అమ్మేసి వేరే ఊరు వెళ్లిపోయారు. ట్రైలర్ మీద బిగించిన కొత్త స్మోకర్‌కి రెండు చోట్ల రేటు అడిగాను, రెండూ పది వేల డాలర్ల పైమాటే. డాలస్ చుట్టుపక్కల వారానికి ఒక రోజు మేక అమ్ముకునే మాకు అది తలకి మించిన భారం. పాత ప్రొపేన్ ట్యాంకుని స్మోకర్‌గా మార్చడం టెక్సాస్‌లో వింతేమీ కాదు. ఆస్టిన్‌లో 2009లో చిన్న ట్రైలర్‌తో బార్బెక్యూ అమ్మడం మొదలుపెట్టిన ఆరన్ ఫ్రాంక్లిన్ పెద్ద పిట్లు కూడా వెయ్యి గ్యాలన్ల ప్రొపేన్ ట్యాంకులే. ఆయన చేస్తే నేను చేయలేనా అనుకున్నాను. చేయగలను కానీ, లెక్క చూసుకుని చేయాలి.

నేను కొన్నది 250 గ్యాలన్లది. ఊరి బయట ఇళ్ల పక్కన తెల్లగా, పెద్ద మాత్రలా పడుకుని ఉంటాయి చూశారా, అదే. అడ్డం 30 అంగుళాలు, పొడవు ఏడున్నర అడుగులు. గుల్లగా ఉంది కదా అని నలుగురం ఎత్తబోయాం, కదల్లేదు. 

మన కస్టమర్లలో సగం మందికి పెరట్లో ఏదో ఒకటి కట్టాలన్న కోరిక ఉంటుంది. ఫోటో చూసి "నాకూ ఒకటి దొరికింది, కోసేయనా" అని ఇప్పటికి ముగ్గురు అడిగారు. వద్దు. కనీసం ఒంటరిగా వద్దు. ట్యాంకు ఖాళీ అన్నది మీటరు చెప్పే మాట. ప్రొపేన్ గాలికంటే బరువు, అడుగున కూర్చుంటుంది. లోపలి తుప్పు పొరల్లోనూ దాక్కుంటుంది. గ్రైండర్ నిప్పురవ్వ ఒక్కటి చాలు. మేము వాల్వులు తీయించి, నోటి దాకా నీళ్లు పోసి, గిన్నెల సబ్బు కలిపి ఒక రోజంతా ఉంచి, పారబోసి, మళ్లీ నింపాం. మొదటి కోత నీళ్లు లోపల ఉండగానే, నీటి మట్టానికి కాస్త పైన మొదలైంది. ఇంత చేసినా ఆ కుళ్లిన ఉల్లిపాయ కంపు పోలేదు. అది గ్యాస్ వాసన కాదు, లీకైతే తెలియాలని కలిపే మెర్కాప్టన్ వాసన. లోపల ఆరేడు గంటలు పెద్ద మంట పెట్టి, బయటి పెయింటు పెచ్చులుగా ఊడేదాకా కాలిస్తేనే వదిలింది. ఆ తర్వాత నూనె రాసి మళ్లీ కాల్చాం, మన ఇనప పెనాన్ని అలవాటు చేసినట్టే. కాబట్టి దసరా చేదు గ్యాస్ వల్లేనా అని భయపడ్డవాళ్లకి చెబుతున్నా, కాదు.

మాంసం పెట్టడానికి ట్యాంకుకి తలుపు కోసే దగ్గర మాత్రం నా తొందర బయటపడింది. పక్క షెడ్డు వెల్డర్ పెద్దాయన, నలభై ఏళ్ల నుంచి ఇదే పని, ముందే చెప్పారు: మూడు వైపులా కొయ్యి, నాలుగో వైపు కోసే ముందు బందులు వెల్డ్ చెయ్యి. ఆయన భోజనానికి వెళ్లినప్పుడు నేను నాలుగు వైపులా కోసేశాను. రేకుని గుండ్రంగా వంచి చేసిన ట్యాంకు కదా, ఆ వంపు బిగువంతా ఇనుములోనే ఉండిపోతుంది. చివరి అంగుళం తెగగానే టంగుమని చప్పుడు, తలుపు ముక్క విచ్చుకుని కూర్చుంది. తిరిగి పెడితే రెండు మూలల్లో వేలు దూరేంత సందు. పెద్దాయన వచ్చి చూసి, తిట్టలేదు, చేతి తొడుగులు తీసి బల్ల మీద పెట్టి కాఫీ తాగడానికి వెళ్లిపోయారు. తర్వాత క్లాంపులు బిగించి, గ్యాస్ టార్చితో కాల్చి, అంచు చుట్టూ రెండంగుళాల పట్టీ వెల్డ్ చేసి ఆయనే సరిచేశారు. పికప్‌కి వచ్చినప్పుడు తలుపు కుడి మూల వంకర చూసి నవ్వుకోండి, అది నాదే.

కానీ చేదు తలుపు వల్ల రాలేదు. అది తెలుసుకోడానికి మూడు వారాలు పట్టింది.

మొదట కారం మీద అనుమానపడ్డాను. గుంటూరు కారం ఆరు గంటలు వేడిలో ఉంటే మాడదా మరి? మూడు జబ్బలు తెచ్చి ఒకదానికి మన మసాలా అంతా, ఒకదానికి ఉప్పూ మిరియాలూ, ఒకదానికి ఒట్టి ఉప్పు పట్టించి పెట్టాను. మూడూ చేదే. ఒట్టి ఉప్పుది ఇంకా చేదు, దాచడానికి దానికి మసాలా లేదు మరి. తర్వాత కట్టెల మీద పడ్డాను. అవే పోస్ట్ ఓక్ (ఒక రకం ఓక్ చెట్టు) కట్టెలు, మూడేళ్లుగా ఒకే కట్టెలాయన దగ్గర కొంటున్నవి. రెండు ముక్కలు ఒకదానికొకటి కొడితే ఠంగుమన్నాయి, పచ్చివైతే దబ్‌మనేవి. చివరికి నిచ్చెన వేసుకుని పొగగొట్టం మీది టోపీ తీశాను. లోపలి వైపు నల్లగా, జిగటగా, బెల్లం పాకంలా వేలాడుతోంది. వేలితో ముట్టుకుని వాసన చూస్తే, నా దసరా మొత్తం ఆ వేలి మీద ఉంది.

దాన్ని క్రియోసోట్ అంటారు. కట్టె మండకుండా కుములుతుంటే వచ్చే దట్టమైన తెల్ల పొగ, చల్లబడ్డ చోటల్లా అలా జిడ్డుగా పేరుకుంటుంది. గొట్టం మీద పేరుకున్నది మాంసం మీద పేరుకోదా? మంచి పొగ సన్నగా, నీలంగా, కనపడీ కనపడనట్టు ఉంటుంది. మనవాళ్లు పొయ్యిలో పొగ లేస్తే ఊదుగొట్టం అందుకునేది ఇందుకే, గాలి తగిలితే మంట లేస్తుంది, మంట లేస్తే పొగ తగ్గుతుంది. ఇంత తెలిసీ ఆ రాత్రి నేను చూడలేదు. చూడలేకపోయాను కూడా. మంట పెట్టింది రాత్రి పదకొండింటికి, మాంసం ఎక్కింది మూడింటికి. చీకట్లో పొగ రంగు ఏం కనపడుతుంది! తెల్లారాక తెల్లగా కనిపిస్తే చలికి ఆవిరి అనుకున్నాను. అక్టోబర్ మొదట్లో, టెక్సాస్‌లో, చలి!

మరి ఎందుకు కుమిలింది? ఇక్కడ లెక్క. స్మోకర్లు కట్టేవాళ్లు చెప్పే మోటు లెక్క ఏమిటంటే, పక్కనుండే ఫైర్‌బాక్స్ (మంట పెట్టే పెట్టె) లోపలి చోటు, మాంసం ఉండే గదిలో మూడో వంతు ఉండాలి. 250 గ్యాలన్లంటే 57,750 ఘనపు అంగుళాలు. మూడో వంతు 19,250. నేను చేసింది అన్ని వైపులా ఇరవై అంగుళాల పెట్టె, అంటే 8,000. సగం కూడా లేదు. వెల్డర్ షెడ్డులో మిగిలిపోయిన ఇనప ప్లేటు ముక్కలు చౌకగా వస్తున్నాయని వాటికి సరిపడా పెట్టె కట్టాను. ఆ చిన్న పొయ్యితో ఏడున్నర అడుగుల ఇనుముని 250 డిగ్రీల ఫారన్‌హీట్‌కి తేవాలని కట్టెలు కుక్కాను. కుక్కిన కట్టెల మధ్య గాలి ఆడలేదు. పైగా పొగగొట్టం నాలుగంగుళాలదే, పొగ బయటికీ సరిగా పోలేదు. దానికి తోడు 48 జబ్బలు ఒకదాన్నొకటి రాసుకునేలా పేర్చాను, పండగ బస్సులో జనంలాగా.

ఇప్పుడున్నది 27 అంగుళాల పెట్టె, 19,683 ఘనపు అంగుళాలు. పావంగుళం ప్లేటుతో చేశాం, అదొక్కటే 300 పౌన్ల పైన తూగుతోంది. గొట్టం ఆరంగుళాలది వేశాం, నాలుగుతో పోలిస్తే దారి రెండింతల పైమాటే. మాంసం పేర్చే జాలీ కింద ఒక అడ్డు ప్లేటు కూడా పెట్టాం, వేడి అంతా పెట్టె పక్కనున్న మాంసాన్నే కాల్చకుండా అవతలి కొస దాకా పోవాలని. అది పనిచేస్తోందో లేదో చూడ్డానికి ఆ కొస నుంచి ఈ కొస దాకా బ్రెడ్డు ముక్కలు పరిచి కాల్చాం. ప్లేటు లేనప్పుడు ఒక చివర బొగ్గు, మరో చివర పాలలా తెలుపు, మధ్యలో ఎక్కడో టీలో ముంచుకోడానికి పనికొచ్చేవి నాలుగు. ప్లేటు పెట్టాక రెండు చివరలకీ తేడా ఇరవై డిగ్రీలకి దిగింది. పిల్లలు మొత్తం రెండు లోఫులు తిన్నారు.

"బార్బెక్యూ అంటే బ్రిస్కెట్ కదా, మేకతో ఎందుకు తిప్పలు" అని కొందరు అడుగుతుంటారు. బ్రిస్కెట్ అంటే బీఫ్‌లో ఛాతీ భాగం, మనలో చాలామంది బీఫ్ తినరు, అది ఒకటి. ఈ ట్యాంకులో బీఫ్ గానీ పోర్క్ గానీ ఇంతవరకూ ఎక్కలేదు, ఎక్కదు. మాంసం ఎప్పటిలాగే హలాల్ షాపు నుంచే. అయినా మేక టెక్సాస్‌కి కొత్తేం కాదు, బ్రేడీ అనే ఊళ్లో 1974 నుంచి ప్రతి లేబర్ డే వారాంతానికి మేక బార్బెక్యూ పోటీయే జరుగుతోంది. మేకకి కొవ్వు తక్కువ, ఏమరుపాటుగా ఉంటే ఎండిపోతుంది. అందుకే మూడు గంటలు పొగలో ఉంచి, తర్వాత కాగితంలో చుట్టి, లోపల 200 డిగ్రీలు దాటేదాకా నిదానంగా ఉడకనిస్తాం. అప్పుడు ఎముక చేత్తో లాగితే వచ్చేస్తుంది.

గత రెండు శనివారాలు అమ్మకుండా వండాను. వెల్డర్ పెద్దాయనకి, అద్దె కిచెన్‌లో మా పక్క బల్ల మీద కేకులు చేసే ఆవిడకి, దసరాకి గట్టిగా తిట్టిన ముగ్గురికి పంపించాను. ఆ తమ్ముడు కూడా అందులో ఉన్నాడు. "పర్లేదు" అన్నాడు. అతని దగ్గర అది పెద్ద మాటే.

ఇక ముందు సంగతి. వచ్చే శనివారం నుంచి మళ్లీ మొదలుపెడుతున్నాం. మేక 30 జబ్బలకి మించి తీసుకోం, కార్తీకం అయ్యాక రద్దీ పెరిగినా సరే. మంట తెల్లవారుజామున నాలుగింటికి పెడతాం, మాంసం ఎక్కించేది వెలుతురు వచ్చి పొగ రంగు కళ్లారా చూశాకే. అందుకే పికప్ పదకొండు నుంచి మధ్యాహ్నం రెండుకి మారింది. మధ్యాహ్నం భోజనానికి అనుకునేవాళ్లకి ఇబ్బందే, తెలుసు. ఎముకతో ఉన్న జబ్బ 85 డాలర్ల నుంచి 92 అవుతోంది. ఇందులో ట్యాంకు ఖర్చు ఏమీ లేదు, అది నా చదువు ఫీజు. మేక రేటు పెరిగింది, తక్కువ వండుతున్నాం, అంతే.

దసరాకి మేక తీసుకున్న 48 మందికి డబ్బు వెనక్కి ఇచ్చినా, మొదటి రెండు శనివారాలూ మీకే ముందు ఇస్తున్నాం, పాత రేటుకే. బుధవారం రాత్రి లోపు చెప్పకపోతే మిగతావాళ్లకి తెరుస్తాం. నాలుగున్నర దాటాక వస్తే మాత్రం ఇవ్వలేను, వేడి 140 డిగ్రీల పైన అంతవరకే నిలుపుతాం, ఆ తర్వాత మిగిలింది మేమే తినేస్తాం. కారు గేటు బయటే పెట్టండి, లోపల వెల్డర్ పెద్దాయన ఇంకో ట్యాంకు కోస్తున్నారు. అది నాది కాదు.