అమ్మా, ఆ గంగాళం కిందికి దింపించు

సెండాయ్, జపాన్,
డిసెంబర్ 15, 2024

అమ్మా,

నిన్న ఫోన్ మధ్యలో పెట్టేశానని కోపం పెట్టుకోకు. "ఇంత చదువు చదివి, రాత్రీ పగలూ ఆ కంప్యూటర్ ముందు కూర్చుని, భూకంపం వస్తుందని ఒక్క రోజు ముందు చెప్పలేకపోయావా" అన్నావ్ చూడు, దానికి ఏం చెప్పాలో తోచలేదు, ఛార్జింగ్ అయిపోయిందని అబద్ధం చెప్పా. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో ఏడుస్తావ్, నేను అరుస్తా, అందుకే రాస్తున్నా. తమ్ముడితో ప్రింట్ తీయించుకో, నాన్నకి కూడా చదివి వినిపించు.

నేను బాగానే ఉన్నా. పని బాగానే ఉంది, మార్చిలో కాంట్రాక్ట్ పొడిగిస్తారా లేదా ఇంకా తెలీదు, దాని గురించి అడగొద్దు. మొన్న పంపిన చింతపండు గడ్డకట్టిపోయింది కానీ వాసన మాత్రం అలాగే ఉంది, డబ్బా తెరిచి ఊరికే పీల్చా.

డిసెంబర్ 4న మన దగ్గర భూమి కదిలిన ఆ బుధవారం సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు. నా ప్రోగ్రామ్ ఒకటుంది, ప్రపంచంలో ఎక్కడ 4 దాటిన భూకంపం వచ్చినా అమెరికా వాళ్ల జాబితా నుంచి లాగి మ్యాప్ మీద చుక్క పెడుతుంది, పైథాన్‌లో పట్టుమని నలభై లైన్లు కూడా ఉండదు. ఆ రోజు చుక్క తెలంగాణలో పడింది. నిజం చెప్పనా, భయపడలేదు, కోడ్‌లో తప్పుందనుకున్నా. అక్షాంశం రేఖాంశం తిరగేసి రాశానేమోనని పది నిమిషాలు అదే వెతికా. లేదు, 18కి పైన, 80కి పైన, అన్నీ సరిగ్గానే ఉన్నయ్. జూమ్ చేస్తే ములుగు అడవి, మనం జాతరకి పోయే మేడారం వైపే. ఆ జాబితాలో టైమ్ లండన్ లెక్కలో ఉంటుంది, 01:57, దానికి అయిదున్నర గంటలు కలిపితే 7:27. ఏడున్నరకి నువ్వు స్టవ్ దగ్గర ఉంటావ్, నాన్న పేపర్‌తో ఉంటాడు, అప్పుడు చేతులు వణికినయ్. ఆరు సార్లు చేశా, లైన్ కలవలేదు. కోడ్ వెతుక్కుంటూ పోగొట్టుకున్న ఆ పది నిమిషాలే ఇప్పటికీ గుచ్చుకుంటున్నయ్ అమ్మా.

నాన్న "ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో బ్లాస్టింగే" అని పేపర్ కూడా మడవలేదట కదా! పొద్దున్నే ఏ బ్లాస్టింగ్ అని నువ్వు అడిగావే, అది కరెక్ట్. నాకూ ఇక్కడ ఇదే తలనొప్పి, క్వారీ పేలుళ్లని భూకంపాల నుంచి ఏరెయ్యాలి. గంటల వారీగా లెక్కేసి గ్రాఫ్ గీస్తే పగటిపూట మాత్రమే గుట్టలా లేచిందంటే అది మనుషుల పనే, భూమికి షిఫ్టులుండవు కదా.

ఇంకోటి. నువ్వన్నావ్, ముందు స్టాండులో గిన్నెలు గలగలమన్నయ్, పిల్లేమో అనుకుని స్టవ్ తగ్గించి, కొంగుతో చెయ్యి తుడుచుకుని గడప దాటేసరికి మంచం ఊగింది అని. నేను ఇక్కడ నా వంటింట్లో ఫోన్‌లో టైమర్ పెట్టుకుని అచ్చం నీలాగే చేసి చూశా, కొంగు లేదు కాబట్టి టవల్‌తో. 13 సెకన్లు వచ్చింది. గిన్నెల్ని కదిపింది వేగంగా వచ్చే మొదటి అల, మంచాన్ని ఊపింది వెనకాల నిదానంగా వచ్చే రెండో అల, మధ్యలో ఎన్ని సెకన్లుంటే దాన్ని ఎనిమిదితో గుణిస్తే ఎన్ని కిలోమీటర్ల అవతల పుట్టిందో సుమారుగా తెలుస్తుంది. 104. మ్యాప్‌లో కొత్తగూడెం నుంచి ఆ చుక్కకి కొలిస్తే 107. లక్షల యెన్‌ల మెషీన్లు ఇచ్చే లెక్క నువ్వు గడప దాటుతూ ఇచ్చావ్, సెన్సేకి, అదే మా సారుకి, చెప్తే ఆయన గట్టిగా నవ్వి, మీ అమ్మగారిని భూకంపాలు కొలిచే స్టేషన్‌గా చేర్చుకుందాం అన్నాడు.

ఒక్క రోజు ముందు చెప్పడం ఎవరికీ చేతకాదమ్మా, ఈ దేశంలో కూడా. ఇక్కడ ఫోన్లు ముందే మోగుతయ్ అంటావ్, అది నిజమే, కానీ భూమి కదలడం మొదలైపోయాకే, దగ్గర్లో ఉన్న మెషీన్ మొదటి అలని పట్టుకుని రెండోది వచ్చేలోపు కబురు పంపుతుంది, కొన్ని సెకన్లు దొరుకుతయ్ అంతే, మరీ దగ్గరైతే అవీ దొరకవు. కాబట్టి పిన్ని ఫార్వర్డ్ చేసిన ఆ "ఈ రాత్రి మళ్ళీ వస్తుంది" మెసేజ్ డిలీట్ చెయ్. తాడ్వాయి అడవిలో చెట్లు కూలినప్పుడే అనుకున్నా అన్నావ్, అది గాలివాన, దీనికీ దానికీ సంబంధం లేదు.

వరండాలో పడుకోవడం ఇంకెన్నాళ్లు? పదకొండు రోజులయ్యింది, చలికి నాన్న దగ్గు ఫోన్‌లోనే వినిపిస్తోంది. ఒమోరి అని ఇక్కడొకాయన 1891లో వచ్చిన పెద్ద భూకంపం తర్వాత చిన్న చిన్నవి ఎన్ని వస్తున్నయ్యో రోజూ లెక్కపెట్టించి, 1894లో ఒక సూత్రం రాశాడు: మొదటి రోజు వంద వస్తే పదో రోజుకి పది, వందో రోజుకి ఒకటి, సుమారుగా. నేను ఈ సంవత్సరం జనవరి 1న ఇక్కడి నోటోలో వచ్చిన 7.6 భూకంపం తర్వాతి డేటా మొత్తం వేసి చూశా, గీత అలాగే జారింది. తగ్గుతుంది, పూర్తిగా మాత్రం ఆగదు. ఇది నీకు చెప్పొద్దనుకున్నా కానీ దాస్తే తర్వాత తిడతావ్, ఒక్కోసారి వెనకాల వచ్చేదే పెద్దది అవుతుంది, 2016లో ఇక్కడి కుమమోతోలో 6.5 వచ్చాక ఇరవై ఎనిమిది గంటలకి 7.3 వచ్చింది. అరుదు. రోజులు గడిచేకొద్దీ ఇంకా అరుదు. అయినా లోపల పడుకోండి.

నా గురించి భయపడకు. మా బిల్డింగ్ 1981లో భూకంపాలకి తట్టుకునేలా కట్టాలన్న రూల్స్ మారాక కట్టిందే, గట్టిగా ఊగితే గ్యాస్ మీటర్ దానంతటదే ఆపేస్తుంది, బీరువాని గోడకి బిగించా. తలుపు దగ్గర బ్యాగ్‌లో నీళ్లు, టార్చ్, పాస్‌పోర్ట్, నువ్వు పంపిన ఆవకాయ చిన్న సీసా ఉన్నయ్. ఆవకాయ ఎందుకని నవ్వకు.

నువ్వు భూమి కదిలితే చప్పుడవ్వాలని తల దగ్గర గ్లాసు మీద గ్లాసు బోర్లించి పడుకుంటున్నావని తమ్ముడు చెప్పాడు. పెట్టుకో, తప్పేం లేదు. కానీ అమ్మా, నీకు కనిపించనిది ఒకటుంది. మీ మంచం పైన సజ్జ మీద నానమ్మ ఇత్తడి గంగాళం. ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. 1969లో భద్రాచలం దగ్గర వచ్చినప్పుడు నానమ్మ ఎసరు పొయ్యి మీదే వదిలేసి నాన్నని చంకనేసుకుని బయటికి పరుగెత్తిందని ఎన్నిసార్లు చెప్పేది, ఆ మనిషి గంగాళమే మీ తలల మీద పెట్టుకుని పడుకుంటారా? గిన్నెలు గలగలమన్నాక 13 సెకన్లలో నాన్న మోకాలు నొప్పితో లేచి బయటికి రాడు. ఆదివారం తమ్ముడినీ బాబాయినీ పిలిచి దింపించు, పాత కుట్టు మిషన్ కూడా. అమ్మొద్దు, వంటింటి మూలలో పెట్టు, సంక్రాంతికి నీళ్లు కాచుకోవచ్చు.

దింపాక ఖాళీ సజ్జ ఫోటో పంపించు. నాన్న దగ్గుకి డాక్టర్‌కి చూపించారా, ఆ సంగతి నిన్న మాట దాటేశావ్.

నీ చిన్ని