ఏడో తరగతి కానుక డబ్బా గురించి తల్లిదండ్రులకు

ప్రియమైన తల్లిదండ్రులకు,

ప్రభువు నామంలో వందనాలు. మామూలు సంగతులు ముందే చెప్పేస్తాను: రెండో టర్మ్ ఫీజు 15వ తేదీలోగా కట్టండి, ఈ శనివారం ఒంటిపూట బడి, కోత పండుగకు బియ్యమో కూరగాయలో పిల్లలతో పంపండి, కోళ్లుంటే పెద్దలే తెచ్చి ఇవ్వండి.

ఇక గేటు దగ్గరా, ఆటోల్లోనూ, వాట్సాప్‌లోనూ పది రోజులుగా నడుస్తున్న మాట. హాస్టల్ పిల్లల దుప్పట్ల కోసం ఏడో తరగతివాళ్లు పోగుచేస్తున్న డబ్బాలోంచి 200 రూపాయలు పోయాయి. ఆ సాయంత్రమే తరగతి గ్రూపులో ఒక అమ్మాయి పేరు వచ్చింది. పడుకునే వేళకు అది మరో రెండు గ్రూపులకు పాకింది. ఆ అమ్మాయి ఆ డబ్బు ముట్టనేలేదు. మర్నాడు ప్రార్థన గంట కొట్టకముందే వేరే అబ్బాయి ఆఫీసు గదికొచ్చి, "ఆ డబ్బు నేనే తీశాను" అన్నాడు. వాణ్ణి ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ అడగలేదు. పన్నెండేళ్ల పిల్లవాడు ఒంటరిగా అంత పొడవు వరండా దాటి వచ్చి ఆ మాట చెప్పాడంటే, ఈ ఏడాది మన బడికి దక్కిన బహుమతులన్నిటికంటే అదే పెద్దదని నా నమ్మకం.

వాడి పేరు అసెంబ్లీలో ఎందుకు చెప్పలేదని చాలామంది అడిగారు. బైబిల్లో మత్తయి సువార్త 18వ అధ్యాయం 15 నుంచి 17 వచనాలు ఒకసారి తీసి చూడండి. తప్పు చేసినవాడి దగ్గరికి మొదట ఒక్కరే వెళ్లి, ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడాలి. వినకపోతే ఒకరిద్దరు సాక్షుల్ని వెంటబెట్టుకుని వెళ్లాలి. అప్పుడూ వినకపోతేనే సంఘానికి చెప్పాలి. ఈ అబ్బాయి మొదటి మెట్టు కూడా మన చేత ఎక్కించకుండా తానే వచ్చాడు. గ్రూపులో పేరు పెట్టిన పెద్దలు మాత్రం నేరుగా మూడో మెట్టు మీదికే వెళ్లిపోయారు, అదీ తప్పు మనిషితో. ఒక్క ఫోన్ చేసి ఆ అమ్మాయి తల్లితో మాట్లాడి ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది.

ఇక్కడొక హెచ్చరిక. ఒంటరిగా వెళ్లి మాట్లాడమన్న మాట, పిల్లల మీద పెద్దలెవరైనా చెయ్యి వేసినప్పుడు వర్తించదు. అప్పుడు బిడ్డను ఆ మనిషి దగ్గరికి పంపకండి. వెంటనే బడికి గానీ, పిల్లల సహాయ ఫోన్ నంబరు 1098కి గానీ చెప్పండి.

అబ్బాయి 200 తిరిగిచ్చాడు, మీద 40 ఎందుకన్నది రెండో ప్రశ్న. అది జరిమానా కాదు. లేవీయకాండము 6వ అధ్యాయంలో, ఒకరి సొమ్ము తీసుకున్నవాడు అసలంతా ఇచ్చి దానికి ఐదో వంతు కలిపి సొంతదారు చేతిలో పెట్టాలని ఉంది. 200కి ఐదో వంతు 40. యేసును కలిసిన సుంకరి (పన్నులు వసూలు చేసేవాడు) జక్కయ్య అయితే, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. తండ్రి జేబులోంచి వచ్చే డబ్బుతో ఈ పాఠం పిల్లవాడికి అంటదు కాబట్టి వాళ్ల నాన్నగారు ఇవ్వబోతే వద్దన్నాం. కిరాణా కొట్టు కవరు మడతలో నాలుగు పది రూపాయల బిళ్లలు, చెమటకు తడిసి, వాడి గుప్పిట్లోనే వచ్చాయి. బస్సు దిగి కొనుక్కునే చిరుతిళ్లు వారం రోజులు మానుకుని మిగిల్చిన డబ్బు అది.

పిల్లలకు క్షమాపణ అడగడం కూడా నేర్పాలి. ఇంట్లో మనం మెడ పట్టుకుని "సారీ చెప్పు" అంటాం, వాడు నేల చూస్తూ చెప్తాడు, అవతలి పిల్ల "పర్లేదు" అంటుంది, అంతటితో అయిపోయిందనుకుంటాం. చేసిన పని పేరు పెట్టి చెప్పించండి: "నీ డబ్బు తీశాను", అంతేగానీ "ఏదైనా తప్పు జరిగితే" అని కాదు. "కానీ వాడు కూడా" అన్న మాట రానివ్వకండి. దానివల్ల ఎదుటివాళ్లకు ఏమైందో చెప్పించండి, నష్టం పూడ్పించండి, తర్వాతే క్షమించమని అడిగించండి. జవాబు వెంటనే రాకపోతే ఆగాలి. క్షమించడం వాళ్ల చేతిలో ఉంది, దాన్ని తొందరపెట్టి లాక్కోకూడదు.

ఇదంతా నేర్పే చోటు కుటుంబ ప్రార్థన. దయచేసి దాన్ని మళ్లీ మొదలుపెట్టండి. పది నిమిషాలు చాలు. భోజనానికి ముందు పెట్టుకోండి, తర్వాతైతే చిన్నవాళ్లు తూగుతారు. ఫోన్లన్నీ పక్కగదిలో ఛార్జింగ్‌కి పెట్టండి, నాన్నగారి ఫోనుతో సహా. ఏడెనిమిది వచనాలు పిల్లల చేతే బిగ్గరగా చదివించండి. ఆ తర్వాత "ఈరోజు నావల్ల ఎవరు బాధపడ్డారు" అని ఒక్కొక్కరూ చెప్పాలి, పెద్దలే ముందు. "పొద్దున్న నీ మీద అనవసరంగా అరిచాను, క్షమించు నాన్నా" అని తండ్రి నోట విన్న బిడ్డకు క్షమాపణంటే సిగ్గనిపించదు. పొద్దుగూకేలోగా కోపం విడిచిపెట్టాలన్న అపొస్తలుడు పౌలు మాట ఎఫెసీయులకు రాసిన పత్రికలో ఉంది, మన వంటింట్లోనూ ఉండాలి. "ప్రభువా, వీడికి లెక్కల్లో బుద్ధినియ్యి" అంటూ ప్రార్థనలో పిల్లల్ని తిట్టకండి. "దేవుడు కళ్లు పోగొడతాడు" అని బెదిరించకండి. ఫోన్ మోగితే "నాన్న ఇంట్లో లేడని చెప్పు" అంటూనే, అబద్ధాలెక్కడ నేర్చాడని మమ్మల్ని అడుగుతున్నారు.

ఆరో తరగతి అమ్మాయి ఒకరు మత్తయి 5, 6, 7 అధ్యాయాలు, మొత్తం 111 వచనాలు, ఒక్క తడబాటు లేకుండా అప్పజెప్పింది. రోజుకు మూడు వచనాలు, ఆదివారం పాతవన్నీ మళ్లీ. వాళ్లమ్మ కూలిపని నుంచి వచ్చి, తనకు చదువు రాకపోయినా, కూతురు చెబుతుంటే వేళ్లు మడిచి వచనాలు లెక్కపెట్టేవారట. మరి కొందరి నోటుబుక్కుల్లో కంఠత వాక్యం తల్లుల చేతిరాతలో కనిపిస్తోంది. దయచేసి పిల్లల్నే రాయనివ్వండి.

మా వైపు తప్పు కూడా ఉంది. ఆ డబ్బా తాళం లేకుండా టీచర్ బల్ల మీద ఉండేది. ఇకపై ఇద్దరు పిల్లలు కలిసి లెక్కపెట్టి, చీటీ రాసి, ఇద్దరూ సంతకం చేసి, టీచర్ ముందు తాళం వేస్తారు. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం పోగుచేసిన కానుక విషయంలో తన మీద నింద రాకూడదని పౌలు కూడా తన జతపనివాడు తీతుతో పాటు ఇతరుల్ని తోడు పంపాడు (2 కొరింథీయులకు 8వ అధ్యాయం).

నింద ఎంత దూరం వెళ్లిందో క్షమాపణ కూడా అంత దూరం వెళ్లాలి. మెసేజ్ డిలీట్ చేస్తే సరిపోదు. అదే గ్రూపులో, "ఆ అమ్మాయి గురించి నేను రాసింది అబద్ధం, క్షమించండి" అని రాయాలి. ఆ మాట పంపిన తొమ్మిదిమందిలో ఆరుగురు ఇప్పటికి రాశారు. మిగతా ముగ్గురి కోసం ఆ తల్లి ఇంకా ఫోన్ చూసుకుంటున్నారు.

మీ ప్రధానోపాధ్యాయురాలు